అతకని మూల

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. మా ఆయనకు చెప్పబోయాను. మా అమ్మకు చెప్పబోయాను. ప్రతిసారీ ఆఖరి క్షణంలో వేరే మాటేదో అడ్డం వచ్చి ఆదుకునేది, వంట గురించో, వాన గురించో. తొమ్మిదేళ్లుగా నేను ఒక మనిషిని మోస్తున్నాను. ఆమె బతికే ఉంది. బస్సెక్కితే గంటన్నర దూరం. చనిపోయినవాళ్ల బరువు దీనికంటే తక్కువేమో. వాళ్లు ఏదో ఒకరోజు ఎదురవుతారన్న భయమైనా ఉండదు.

నా పేరు చెప్పను. ఆమె పేరు చెబుతాను. ఇదీ అన్యాయమేనా? కావచ్చు. కానీ పేరు పోగొట్టుకున్నది ఆమె. ఇక్కడైనా ఆ పేరు శుభ్రంగా ఉండాలి. రేణుక.

మాది బళ్ళారి. గాంధీనగర్‌లో ఇల్లు. నాన్నకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉండేది. పీయూసీ, అంటే ఇంటర్, అయ్యాక విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన ఒక కోర్సులో చేరాను. వ్యవసాయ ఉత్పత్తుల మార్కెటింగ్, ఆహార విజ్ఞానం, రెండూ కలిపి నాలుగేళ్ల చదువు. పొద్దున క్లాసులో రైతు పండించింది సంతకు ఎట్లా చేరుతుంది, కొనేవాళ్లు ఏది చూసి చేయి చాస్తారు అని చెప్పేవారు. మధ్యాహ్నం తెల్లకోటు వేసుకుని ల్యాబులో తేమ కొలిచేవాళ్లం, నూనె ముక్కుతుందో లేదో చూసేవాళ్లం, గాజు పళ్లెంలో బూజు పెంచేవాళ్లం. సరుకు చేసేవాళ్లు, అమ్మేవాళ్లు వేర్వేరు మనుషులు కాకూడదన్నది ఆ చదువు ఉద్దేశం.

నాకు మార్కెటింగ్ వచ్చు అనుకునేదాన్ని. దుకాణంలో పెరిగినదాన్ని కదా. కన్నడ, ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడేదాన్ని. సెమినార్లో లేచి నిలబడితే అందరూ వినేవాళ్లు. ల్యాబు మాత్రం నా చేతికి లొంగేది కాదు.

రేణుకది సిరుగుప్ప తాలూకా కెంచనగుడ్డ, తుంగభద్ర ఒడ్డున. వాళ్ల అమ్మానాన్న నాట్లకు, కోతలకు కూలికి పోయేవాళ్లు. మా తాతకు ఒకప్పుడు ఆ వైపే పొలాలుండేవి. ఆ పొలాల్లో వంగి నాటినవాళ్లలో ఆమె అవ్వ కూడా ఉండి ఉంటుందని నాకు ఎన్నిసార్లు తోచిందో. ఆమెతో మాత్రం ఎప్పుడూ అనలేదు. క్యాంపస్ ఊరికి దూరం కాబట్టి నేనూ హాస్టల్లోనే ఉండేదాన్ని. ఇద్దరిదీ ఒకే గది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం మా బ్యాచిలో కొందరమే. అట్లా దగ్గరయ్యాం.

ఆమె నాలుక గురించి చెప్పాలి. రెండో ఏడాదిలో మాకు రుచి చూడడం నేర్పించారు. మూడు కప్పులు ఎదురుగా పెడతారు. రెండింట్లో ఒకే నీళ్లు, మూడోదాంట్లో పులుపో చేదో లెక్కకు రానంత కలిపి ఉంటుంది. ఏది వేరో చెప్పాలి. మేమంతా కళ్లు మూసుకుని, నుదురు చిట్లించి, చివరికి ఏదో ఒకటి చూపించేవాళ్లం. రేణుక గుటక వేసి, ఒక క్షణం ఆగి, కప్పు జరిపేది. నాకు తెలిసి ఒక్కసారి కూడా తప్పలేదు. శెనగవిత్తనాలు, అవే పల్లీలు, నోట్లో వేసుకుని, ఇవి కొత్తవి, ఇవి మూటలో మగ్గినవి అని చెప్పేది. మా ల్యాబు మేడం ఆమెను పక్క తరగతులకు తీసుకెళ్లి చూపించేది. నేను చప్పట్లు కొట్టేదాన్ని. గట్టిగానే కొట్టేదాన్ని.

మూడో ఏడాది సెలవుల్లో నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. ఒకటే గది. గోడ పక్కన రుబ్బురోలు. వానాకాలం కాబట్టి మేకలను లోపలే, గదిలో ఒక మూలన కట్టేశారు. వాళ్లమ్మ నాకోసం సద్దరొట్టె చేసి, పుంటికూర పప్పు వేసింది. నేను చిన్న ముక్కలు తుంచడం చూసి, "నాచికె పడొద్దు పాపా, సిగ్గేంటికి, నీ ఇల్లే అనుకోని తిను" అంది. నేను రెండు రొట్టెలు తిన్నాను. బాగున్నాయి. నిజంగా బాగున్నాయి. ఇది రాయడం ఎందుకంటే, తర్వాత నేను చెప్పిన మాటలకు ఆ రొట్టెల రుచితో ఏ సంబంధమూ లేదని మీకు తెలియాలి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రేణుక నవ్వుతూ ఒక మాట చెప్పింది.

"మే, నీకొకటి చెప్తా, ఎవురికీ చెప్పొద్దు. హాస్టల్‌కి వచ్చేదాకా నాకు తెలీనే తెలీదు, మేక వాసన లేకుండా కూడా అన్నం ఉంటాదని."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అంత నమ్మకంగా ఎవరైనా నాతో అంత చిన్నతనం చెప్పుకోవడం అదే మొదటిసారి. దాన్ని నేను దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానో అప్పుడు నాకు తెలియదు.

నాలుగో ఏడాది ప్రాజెక్టు. ఇద్దరిద్దరుగా కలిసి ఒక తినే వస్తువును తయారు చేయాలి, దాన్ని ఎవరు కొంటారో, ఎట్లా కొంటారో కూడా తేల్చాలి. మేమిద్దరం జత. కొర్రపిండి, మా వైపు అంజూర పండ్లు, శెనగవిత్తనాలు కలిపి ఉండలు చేద్దామని ఆమె అంది. శెనగవిత్తనాలు వాళ్లింట్లో వేయించి తెచ్చింది. పాళ్లు ఆమె కుదిర్చింది. అంజూర ఎక్కువైతే చేతికి అంటుకుంటుంది, తక్కువైతే ఉండ విడిపోతుంది. ఎన్ని సార్లు చేసి పారేసిందో. నేను మార్కెట్ వైపు చూసుకుంటానన్నాను. ప్రశ్నల పత్రం తయారు చేశాను. నాలుగు పేజీలు. నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆ పత్రం పట్టుకుని సండూరు తాలూకా చోరనూరు సంతకు పోయాం. నేను ఒక్కో ఆడమనిషిని ఆపి అడిగేదాన్ని. వాళ్లు ముక్తసరిగా జవాబు చెప్పి జారుకునేవాళ్లు. ఎండ నెత్తి మీద. రేణుక కాసేపు చూసి, నా చేతిలో పత్రాలు తీసుకుని సంచిలో పెట్టేసింది. పోయి కూరగాయల కుప్పల పక్కన కింద కూర్చుంది. ఒక ముసలమ్మ వంకాయలు ఏరుతుంటే తానూ ఏరింది. పది నిమిషాల్లో చుట్టూ ఆరేడుగురు. కలుపు తీసేటప్పుడు మధ్యలో ఆకలైతే ఏం తింటారు, కొంగులో ఏది కట్టుకుపోతారు, పిల్లలకు ఏది మిగులుస్తారు, అన్నీ వాళ్లే చెప్పారు. పెద్ద డబ్బా కాదు, కొంగున కట్టుకునేంత, రెండు ఉండల పొట్లం కావాలి. ఆ మాట నా నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

మొదటి సమీక్షకు బయటి నుంచి ఒక ఆహార సంస్థ అధికారి వచ్చాడు. చివర్లో ఇద్దరిని శిక్షణకు తీసుకుంటారని ముందే చెప్పారు. నేను లేచి ఇంగ్లీషులో అందంగా మాట్లాడాను. తర్వాత రేణుక తన విరిగిన ఇంగ్లీషులో, మధ్యమధ్య కన్నడలో, చోరనూరు సంత గురించి చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "మార్కెటింగ్ అంటే అదమ్మా, ఆమె దగ్గర నేర్చుకో" అన్నాడు. మంచిగానే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ల్యాబు ఆమెది అని నేను ఒప్పుకున్నాను. అందులో నాకు కష్టం లేదు. కానీ రెండోది కూడా ఆమెదేనా? మరి నాకేం మిగిలింది?

తర్వాత నిల్వ పరీక్ష. పొట్లాలను వేడికి అతికించి, గాలిలో తేమ బాగా ఎక్కువ ఉండే ఒక అల్మారాలో ఆరు వారాలు పెట్టాలి. బయట నెలల మీద సరుకు ఎట్లా పాడవుతుందో దాన్ని ఆ అల్మారా తొందరగా చూపిస్తుంది. పొట్లం సరిగ్గా అతికితే లోపలికి తేమ పోదు, ఉండ ఉన్నట్టే ఉంటుంది. ఏ మూలైనా అతకకపోతే అంతే. ఉండలు రేణుక చుట్టింది. ఆరోజు వాళ్ల నాన్నకు ఒంట్లో బాగాలేదని కబురు వస్తే, పొట్లాలు అతికించే పని నాకు అప్పజెప్పి ఊరికి పోయింది. "నువ్వుండావు కదా, నాకేం బేజారు లేదు" అంది పోతూ పోతూ.

నేను తొందరలో ఉన్నాను. మధ్యాహ్నం స్నేహితులతో ఊళ్లోకి పోవాల్సి ఉంది. మిషన్ సరిగ్గా వేడెక్కకముందే మొదలుపెట్టాను. అందువల్ల పొట్లాలు సరిగ్గా అతకలేదు.

తొమ్మిదేళ్లు నాకు నేను చెప్పుకున్న కథ ఇది. ఇప్పుడు కూడా చేయి దానంతట అదే ఇదే రాసింది. చూశారా? తొందర, స్నేహితులు, వేడెక్కని మిషన్. ఇది పొరపాటు చేసిన ఒక అమ్మాయి కథ. పొరపాటును ఎవరైనా క్షమిస్తారు.

అది నిజం కాదు. నాకు ఆరోజు ఎక్కడికీ పోయే పని లేదు. ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. మిషన్ వేడిని తగ్గించే మర ఒకటి ఉంటుంది. దాన్ని ఉండాల్సిన చోటు నుంచి రెండు గీతలు కిందికి తిప్పాను. పొట్లం అతికినట్టే కనిపించింది. మూల దగ్గర గోరుతో లాగితే మాత్రం విడిపోతుంది. ప్రతి పొట్లాన్నీ నీళ్లలో ముంచి చూడాలని నియమం, గాలి బుడగలు వస్తే కారుతున్నట్టు. ముంచాను. మూలలోంచి బుడగ వచ్చింది. చిన్నది. పైకి తేలి పగిలిపోయింది. ఇంకొకటి వచ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత పొట్లం తుడిచి అల్మారాలో పెట్టాను. అన్నింటినీ అట్లాగే పెట్టాను. రికార్డు పుస్తకంలో ‘కారడం లేదు’ అని రాశాను. పక్కన ‘అతికించినవారు’ అనే గడిని ఖాళీగా వదిలేశాను.

ఎందుకు ఖాళీగా వదిలాను? నా చేయి నా పేరు రాయడానికి ఒప్పుకోలేదా, లేక ఎవరి పేరు రాయాలో నాకు అప్పుడే తెలుసా? దీనికి జవాబు నాకు తెలుసని నా అనుమానం.

ఆమె ఊరి నుంచి వచ్చి, "అంతా అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. నాకోసం వాళ్లమ్మ ఇచ్చిన అటుకుల సంచి నా చేతిలో పెట్టింది. ఆ ఆరు వారాలూ ఆమె పక్క మంచం మీదే పడుకున్నాను. ఒకే బకెట్టుతో నీళ్లు పట్టుకున్నాం. చెప్పడానికి ప్రతిరోజూ వీలుండేది. అల్మారా తెరిచి పొట్లాలు మార్చడానికి కూడా వీలుండేది. నేను ఎదురుచూశాను. అంతే.

చివరి సమీక్ష రోజు మేడం, ఇంకో సార్, ఆ సంస్థ అధికారి ముగ్గురూ బల్ల ముందు కూర్చున్నారు. మొదటి పొట్లం ఆయనే తెరిచాడు. ఉండ తీసి, చూడకుండా కొరికాడు, మాతో మాట్లాడుతూనే. నమిలి, ముఖం అదోలా పెట్టి, రుమాలులోకి ఉమ్మేశాడు. రెండో ఉండ అడుగున బూడిదరంగు నూగు. మేడం ఇంకో పొట్లం చింపింది. దానిలోనూ అంతే. గదంతా మురిగిన తడిగుడ్డ వాసన. రేణుక ముందుకొచ్చి ఒక ఉండ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ఆమె ముఖంలో భయం లేదు. ఎట్లా జరిగిందో అర్థం చేసుకోవాలన్న ఆత్రం ఉంది. విద్యార్థి ముఖం అది.

రికార్డు తెమ్మన్నారు. నేను పోయి తెస్తానన్నాను. ల్యాబులో ఆ పేజీ తీసి, ఖాళీ గడిలో ఆమె పొడి అక్షరాలు రాశాను. ఇంగ్లీషు ‘ఆర్’, పక్కన చుక్క, ‘కె’. చేయి వణకలేదు. వణికిందని రాయాలని ఉంది, కానీ వణకలేదు.

మేడం పుస్తకం చూసి, "రేణుకా, నువ్వే కదా అతికించింది?" అంది. రేణుక నోరు తెరిచింది. ఆమె ఏదైనా అనేలోపు నేను మాట్లాడాను. ఎవరూ నన్ను అడగలేదు. కన్నడలో అన్నాను, చాలా మెల్లగా, ఆమెను కాపాడుతున్నట్టు.

"మేడం, తప్పు పొట్లందే కాకపోవచ్చు. శెనగవిత్తనాలు వాళ్లింట్లో వేయించి తెచ్చింది. నేను వాళ్లింటికి పోయాను. ఒకటే గది. రుబ్బురోలు పక్కనే మేకలను కట్టేస్తారు. తనే నాతో చెప్పింది, హాస్టల్‌కి వచ్చేదాకా మేక వాసన లేని అన్నమే తినలేదట."

ఆ సార్ నవ్వాడు. ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వాడు. అధికారి రుమాలుతో నోరు మళ్లీ తుడుచుకున్నాడు, ఈసారి ఇంకా గట్టిగా. మేడం నవ్వలేదు. కానీ ఆమె కళ్లు రేణుక చేతుల మీదికి పోయాయి. అందరి కళ్లూ అక్కడికే పోయాయి. రేణుక చేతిలోని ఉండను బల్ల మీద పెట్టేసి, చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆహార విజ్ఞానం చదివిన ముగ్గురు పెద్దలు ఆ గదిలో ఉన్నారు. పొట్లం మూల పట్టుకుని లాగి చూడాలని ఒక్కరికీ తోచలేదు. మేకల మాట విన్నాక ఇంకేదీ చూడాల్సిన అవసరం వాళ్లకు కనిపించలేదు. తోచదని నాకు తెలుసు. ఎవరికి ఏ మాట చెబితే ఏది కొంటారో నాకు తెలుసు. ఆ ఒక్కరోజు మార్కెటింగ్ నాకు బాగా వచ్చింది.

ఆమెను తయారీ గదిలోకి రావద్దన్నారు. ప్రాజెక్టు మళ్లీ చేయాలన్నారు, వేరే సెమిస్టరులో, ఒక్కతే. నాకు మాత్రం అదే సెమిస్టరులో ఇంకో అవకాశం ఇచ్చారు. నేను అవే ఉండలు చేశాను. అవే పాళ్లు, ఆమె చేతిరాతలో ఉన్న పాళ్లు. ఈసారి మిషన్ మరను సరైన చోట పెట్టాను. ఆరు వారాల తర్వాత ఉండలు ఉన్నట్టే ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. శిక్షణకు ఇద్దరికి బదులు ఒక్కరినే తీసుకున్నారు.

సమీక్ష గదిలో అన్న మాట మూడు రోజుల్లో హాస్టలంతా తిరిగింది. ఎవరు తీసుకెళ్లారో తెలియదు. బహుశా నేనే. ఒకరిద్దరికి చెప్పాను, ‘పాపం’ అని చేరుస్తూ చెప్పాను. రేణుక మెస్‌లోకి వస్తే వెనక బల్లల నుంచి ‘మే...’ అని సాగదీసి అరిచేవాళ్లు. ఆమె పెట్టిన పచ్చడి డబ్బాను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఆమె తాగిన గ్లాసును పనిమనిషితో రెండుసార్లు కడిగించేవాళ్లు. నేను అరవలేదు అని ఎన్నో ఏళ్లు అనుకున్నాను. ఒకసారి అరిచాను. అందరూ అరుస్తుంటే నా గొంతూ కలిపాను. ఆమె తిరిగి చూసింది. ఎవరి వైపు చూసిందో నాకు తెలియదు. మేమిద్దరం ఒకరినొకరం ‘మే’ అనే పిలుచుకునేవాళ్లం.

గదిలో ఆమె నన్ను ఏమీ అడగలేదు. అడగాలని నేను కోరుకున్నాను. అరిచి, జుట్టు పట్టుకుని కొట్టినా బాగుండేది. రెండు వారాలకు ఊరికి పోయింది. మళ్లీ రాలేదు. ట్రంకుపెట్టె కోసం వాళ్లమ్మ వచ్చింది. నన్ను చూడగానే ఆ తల్లి ముఖం వెలిగింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఏమైంది పాపా దానికి? నోరు ఇప్పదు. సుమ్నే, ఊరికెనే గోడ దిక్కు సూస్తా కూర్చోనుంటాది. నీకు తెలిసే ఉంటాది. నువ్వన్నా చెప్పు."

"తెలీదమ్మా" అన్నాను.

"ఒకసారి ఇంటికి రా పాపా. నువ్వు చెప్తే ఇంటాది."

వస్తానన్నాను. ట్రంకుపెట్టె ఒక చెవి నేను పట్టుకుని బస్సుదాకా మోసుకొచ్చాను. ఆమె నన్ను దీవించింది.

ఇక్కడితో ఆగి ఉంటే, చిన్న వయసు అనుకోవచ్చు. నాకు అప్పుడు ఇరవై ఒకటి. కానీ ఆగలేదు.

ఇప్పుడు నేను సిరుగుప్ప రోడ్డులో ఒక మిరపకాయల కార్ఖానాలో నాణ్యత చూసే విభాగానికి పెద్దను. సీజన్‌లో తొడిమలు తీయడానికి, రంగు చెడినవి ఏరడానికి నది ఒడ్డు ఊళ్ల నుంచి ఆడవాళ్లను మేస్త్రీ ఆటోల్లో తీసుకొస్తాడు. వారానికొకసారి గేటు దగ్గర వాళ్ల చేతులు చూడాలి. గోళ్లు, పుండ్లు, గాజులు. వరుసగా నిలబడి చేతులు చాస్తారు, నేను చూసి తలూపితే లోపలికి పోతారు. పోయిన సీజన్‌లో ఒక సోమవారం ముఖాలు చూడకుండా చేతులే చూసుకుంటూ పోతున్నాను. రెండు చేతులు ముందుకొచ్చాయి. మిరప ఘాటుకు వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"సూడండి మేడం. శుభ్రంగానే ఉండాయి."

తలెత్తాను. తలకు గుడ్డ కట్టుకుంది. చెంపలు లోపలికి పోయాయి. కళ్లు అవే.

ఆమెను పక్కకు రమ్మన్నాను. గోడ నీడలో నిలబడ్డాం. ఎట్లా ఉన్నావని అడిగాననుకుంటాను. ఆమె తలగుడ్డ ముడి బిగించుకుంది.

"ఆ పొద్దు బుక్కు టేబుల్ మీదనే ఉన్నింది. నేను సూసినా. నా ‘ఆర్’ అట్ల ఉండదు మే. నేను కాలు లోపలికి వంచి రాస్తా. నువ్వు నేరుగా గీసినావు."

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పల్ల? నువ్వు మేకల మాట చెప్పినావు. అది నిజమే కదా. ఈడ నిజం ఒగటి పెట్టి, దాని కింద అబద్దం దాసినావు. నేను అబద్దం తీయాలంటే ముందు నిజాన్ని కాదనల్ల. మా ఇంట్ల మేకల్లేవు అని చెప్పల్ల. మా అమ్మ నీకు రొట్టె పెట్టిన ఇల్లది. దాన్ని ఎట్ల కాదందును?"

నేను క్షమించమని అడగలేదు. ఆమె అవకాశం ఇవ్వలేదని కాదు. అడగడానికి తగినంత సేపు నిలబడింది. నేను నా మెడలో వేలాడుతున్న గుర్తింపుకార్డును సర్దుకున్నాను. అటూ ఇటూ చూశాను, ఎవరైనా వింటున్నారేమోనని.

"నేను పని చేసుకునేకి వచ్చినా. నీ మీదికి రాలే. భయపడొద్దు" అని ఆమె లోపలికి పోయింది.

ఆ వారమంతా అద్దం వెనక నుంచి ఆమెను చూశాను. కుప్పలో చేయి పెట్టి వాసన చూసి, ఈ మూట అడుగున తడి ఉంది అని పక్కన పెట్టేది. మా మిషన్ దాన్ని తర్వాత నిర్ధారించేది. తోటివాళ్లు ఆమె దగ్గరికి గుప్పెళ్లు తెచ్చి చూపించుకునేవాళ్లు. నేను కూర్చునే కుర్చీలో కూర్చోవలసిన మనిషి కింద పట్టా మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. చూసి నాకేమనిపించాలి? సిగ్గు. జాలి. ఏదైనా చేయాలన్న తపన. ఉద్యోగంలోకి తీసుకోమని పైవాళ్లకు నేను చెబితే వింటారు. అది నా చేతిలో ఉన్న పని.

నాకు కలిగింది భయం. ఆమె ఎవరితోనైనా చెబుతుందని కాదు. ఆమె చెప్పదు. ప్రతి సోమవారం ఆ చేతులు చూడాల్సి వస్తుందని.

శనివారం మేస్త్రీని పిలిచాను. వచ్చే వారం నుంచి ఆమెను తీసుకురావద్దన్నాను.

"ఏటికి మేడం? బో పనిమంతురాలు. ఆమె లెక్క ఏరేవాళ్లు నాకు ఇంగెవురూ లేరు."

"పైనుంచి చెప్పారు" అన్నాను. పైనుంచి ఎవరూ చెప్పలేదు.

తర్వాత అతన్ని ఏమందని అడిగాను. "ఏమీ అనలే మేడం. తెలుసులే అనింది" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆమె భర్త పోయి రెండేళ్లయిందట. ఒక కూతురు ఉందట. సీజన్ కూలి మీదే ఇల్లు నడుస్తుందట. అన్నీ విన్నాను. సోమవారం పిలుచుకు రమ్మని ఒక్క మాట అంటే చాలు. అతను నా ముందే నిలబడి ఉన్నాడు. అనలేదు.

ఇరవై ఒకటో ఏట చేసినదానికి అసూయ అని పేరు పెట్టుకోగలను. ముప్పై ఏళ్లకు చేసినదానికి ఏం పేరు పెట్టాలి? మొదటిసారి ఆమె చదువు తీశాను. రెండోసారి ఆమె పని తీశాను. రెండుసార్లూ నా గొంతు మెత్తగానే ఉంది.

వాళ్ల ఊరికి పోవాలని అనుకోలేదా అంటే, అనుకున్నాను. కానీ పోతే ఏమవుతుంది? వాళ్లమ్మ చాప పరుస్తుంది. తిను పాపా అంటుంది. నేను ఏడుస్తాను, వాళ్లు నన్ను ఓదార్చాలి. తప్పు చేసినదాన్ని ఓదార్చే పని కూడా వాళ్లకే పెట్టాలా? ఇది మంచి సాకు అని మీరనుకోవచ్చు. సాకే కావచ్చు. పోనివాళ్లకు సాకులు బాగానే దొరుకుతాయి.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో చెప్పి ముగిస్తాను. పోయిన వారం మా విశ్వవిద్యాలయం వాళ్లు పిలిచారు, అదే కోర్సులో కొత్తగా చేరిన పిల్లలతో మాట్లాడమని. పోయాను. శాలువా కప్పారు. మార్కెట్టూ ల్యాబూ రెండూ తెలిసిన మనిషికి ఎంత విలువ ఉంటుందో గంటసేపు చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. ఆఖర్లో వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఊరి పిల్ల, మాటలో తెలిసింది. "మేడం, మీ కొర్ర ఉండల ప్రాజెక్టు ఇప్పటికీ మాకు చూపిస్తారు. అది మీరు ఎవరితో కలిసి చేశారు?" అని అడిగింది.

"ఒక్కదాన్నే చేశాను" అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చి శాలువా తీయకుండానే కూర్చుని ఇది మొదలుపెట్టాను. క్షమాపణ మీ దగ్గర లేదు, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఆమె ఇస్తుందని నేను అనుకోవడం లేదు, ఇవ్వకూడదు కూడా. కానీ ఇంతవరకూ ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు మీకూ తెలుసు. రాస్తుంటే ఛాతీలో ఏదో కాస్త సడలింది. అది హాయి అని చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు, అయినా సడలింది.

ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. అది నేను చేసింది కాదు. కెంచనగుడ్డ రేణుక చేసింది. నేను చెడగొట్టాను.